మూడు వైపుల గుమ్మం

శంషాబాద్‌లో ఆ ఇల్లు చూడ్డానికి వెళ్ళిన రోజు మా ఆయన కుళాయిలు తిప్పి చూశారు, కిటికీలు లాగి చూశారు, ఫోనుకి సిగ్నల్ అందుతోందా లేదా అని గదిగదికీ తిరిగారు. నేను గుమ్మం కింద చూశాను. గడప లేదు. ద్వారబంధానికి పైన చెక్క ఉంది, అటూ ఇటూ నిలువు చెక్కలున్నాయి. కింద మాత్రం వరండాలో పరిచిన టైలే ఆగకుండా హాల్లోకి వచ్చేసింది. మూడు వైపులే ఉన్న గుమ్మాన్ని నేను అంతకుముందు ఆసుపత్రుల్లోనూ బ్యాంకుల్లోనూ తప్ప ఎక్కడా చూడలేదు.

“గడపేదయ్యా?” అని మాకు ఇల్లు చూపిస్తున్న మేనేజర్ని అడిగాను. మెడలో కార్డు వేలాడేసుకున్న మనిషి, ఆ ఊరివాడే, మాట చాలా మెత్తన.

“పెట్టిస్తం మేడం. పని ఇంకా నడుస్తుంది గదా. జర టైం పడ్తది.”

మెత్తగా మాట్లాడేవాళ్ళంటే నాకు నమ్మకం తక్కువ. నన్ను ఇల్లు ఖాళీ చేయమన్నవాళ్ళెవరూ ఇంతవరకూ గట్టిగా మాట్లాడలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఓనరుగారు కాఫీ ఇచ్చి మరీ చెప్పారు, తమ్ముడి కూతురు చదువుకోవడానికి వస్తోందని. అత్తాపూర్‌లో ఆవిడ నా చేయి పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది, వారం తిరక్కుండా టులెట్ బోర్డు కట్టింది. భీమవరం నుంచి వచ్చిన నాటి నుంచీ ఈ నగరంలో మేం సర్దుతూనే ఉన్నాం. మా ఆయనది ఎయిర్‌పోర్టు కార్గోలో ఉద్యోగం, రిటైర్మెంటు దగ్గర పడుతోంది. ఇంక అట్టపెట్టెలకు తాళ్ళు కట్టే ఓపిక నాకు లేదు. ఈ ఇల్లే ఆఖరు కావాలి, ఇక్కణ్ణించి నన్నెవరూ కదపకూడదు. నాకు కావలసింది అదొక్కటే. అందుకే గడప అడిగాను. మనల్ని ఉండనిచ్చే ఉద్దేశం ఉన్నవాడు గడప పెడతాడని నా లెక్క.

“కిరాయి ఇల్లుకి గడప పట్టింపేమిటి నీకు, మరీనూ” అన్నారు మా ఆయన మెట్లు దిగుతూ. ఆయనకి అప్పటికే ఇల్లు నచ్చేసింది. డ్యూటీకి పోయే బస్సు సరిగ్గా గేటు ముందర ఆగుతుంది.

ఆ బిల్డింగు అంతకుముందు ఇళ్ళు కాదు, ఆఫీసులు. ఎయిర్‌పోర్టు వచ్చిన కొత్తలో సరుకు రవాణా ఏజెంట్ల కోసం కట్టారట. మొహమంతా నీలపు అద్దం. కరోనా తరవాత ఒక్కొక్కరే ఖాళీ చేసిపోయారు. పాత బజారు అప్పటికే నీరసించి ఉంది. ఫ్లైఓవర్ వచ్చాక బెంగళూరు వైపు పోయే బళ్ళన్నీ ఊరి నెత్తి మీద నుంచే పోతున్నాయి, కింద టీ హోటళ్ళ వాళ్ళు ఆ చప్పుడు వింటూ కూర్చున్నారు. అప్పుడు ఓనరుకి ఎవరో చెప్పారట. పై అంతస్తులు ఇళ్ళు చెయ్యి, కింద దుకాణాలు పెట్టు, ముందర బస్సు ఆగేట్టు చూడు, మనుషులు మెసిలితే బజారు దానంతటదే లేస్తుందని. రేపోమాపో మెట్రో కూడా ఇటే వస్తుందని గేటు మీద పెద్ద బొమ్మ కట్టారు. ఆ బొమ్మలో మెట్రో రైలు ఉంది, చెట్లున్నాయి, చేతిలో కూరగాయల సంచితో నవ్వుతున్న ఆడమనిషి ఉంది. ఆ మనిషి నేనేనని నమ్మాలన్నమాట.

మేం చేరినరోజు పద్ధతి ప్రకారం పాలు పొంగించాం. కిరాయి ఇల్లయినా, రెండు నెలలుండే ఇల్లయినా పాలు పొంగించకుండా మా వైపు ఎవరూ సామాను దించరు. దేవుడి పటం పెట్టి, సాంబ్రాణి వేసి, పొయ్యి మీద గిన్నె పెట్టానో లేదో, కప్పులో నుంచి కీచుమని ఏదో అరవడం మొదలెట్టింది. సెక్యూరిటీ అతను ఎర్ర సిలిండరు భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చాడు. వెనకాలే మేనేజరు. వాళ్ళని సముదాయించేలోగా పాలు పొంగి పొయ్యంతా పారాయి. ఏ దిక్కుకి పొంగాయో చూసుకోలేకపోయాను.

“పరేషాన్ గాకండి మేడం. ఆఫీసుల అలారం అట్లనే ఉన్నది. మారుస్తం” అన్నాడు మేనేజరు.

మార్చలేదు. అదొక్కటేనా? గుమ్మం పక్కన గోడకి కార్డు పెడితే తలుపు తెరుచుకునే నల్ల డబ్బా ఒకటి ఉండేది. దాని ఎర్రదీపం అలాగే మినుకుమంటుండేది. నాలుగు గోడలకీ కంప్యూటర్ల తీగలు గుచ్చే రంధ్రాలు. కప్పు కింద తెల్ల పలకల ఇంకో కప్పు. మా బాత్రూం తలుపు మీద ప్యాంటు వేసుకున్న మగబొమ్మని పీకేశారు గాని, దాని ఆకారం తెల్లగా మిగిలిపోయింది. స్నానానికి వెళ్ళినప్పుడల్లా నాకు మొహమాటంగా ఉండేది. గోడలకి రంగు వేసినవాళ్ళు, వంటగదికి గట్టు కట్టినవాళ్ళు ఇవన్నీ ఎందుకు తియ్యలేదు? పెట్టమన్న గడప పెట్టరు, తియ్యమన్న డబ్బా తియ్యరు. నేనీ మాటంటే మా ఆయన పేపరు అడ్డం పెట్టుకునేవారు.

నా మాట వినే మనిషి ఎదురింట్లో దొరికింది. నాకంటే పదేళ్ళు పెద్ద, ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగిన ముస్లిం ఆవిడ. పాత బజారులో వాళ్ళ ఇల్లు రోడ్డు వెడల్పులో పోతే కొడుకుతో ఇక్కడ చేరింది. కొడుకు ఎయిర్‌పోర్టుకి కారు తిప్పుతాడు. నేను ఆపా అనేదాన్ని, ఆవిడ నన్ను చెల్లె అనేది. వినేది గాని ఒప్పుకునేది కాదు.

“నీకు అన్నిట్ల షక్కే, అనుమానమే చెల్లె. నెత్తి మీద కప్పున్నది, కింద బస్సున్నది, దవాఖాన దగ్గరున్నది. ఇంకేం గావాలె?”

“గడప” అన్నాను.

ఆవిడ నవ్వి, తన గుమ్మం కేసి ఓసారి చూసుకుంది. “అవ్ గని, మా పాతింట్ల పెద్ద చౌకట్ ఉండె. పొద్దుగూకంగ దాని మీద కూసుంటే మా అమ్మి కొట్టేది.”

“మా అమ్మా కొట్టేది” అన్నాను. ఆ రోజు నుంచీ మా ఇద్దరికీ కుదిరింది.

శుక్రవారం వస్తే నాకు చేయి ఊరుకునేది కాదు. గడప కడిగి పసుపు రాసి బొట్లు పెట్టందే నాకు శుక్రవారం అయినట్టుండదు. గడప లేదు కాబట్టి టైలు మీదే రాసేదాన్ని. పొద్దెక్కేలోగా హౌస్‌కీపింగ్ మనిషి ఫినాయిలు గుడ్డతో తుడిచేసేది. అడిగితే, “నేనేం జేయాలక్కా, కారిడార్ల మరకలు ఉండొద్దని సారు చెప్పిండు” అనేది. పసుపుని మరక అనే ఇంట్లో ఉన్నానని తెలిసొచ్చింది.

ఇంక ఆగలేక కొత్తూరు రోడ్డులో కలప డిపోకి పోయి టేకు చెక్క కోయించాను. ఇంటికొచ్చి కొలత చూసిన వడ్రంగి, “బరాబర్ పడ్తదమ్మా. తలుపు కింద జర రంద కొట్టాలె, అంతే” అన్నాడు. చెక్కని నున్నగా చేసి, రెండు చివర్లా పద్మాలు చెక్కి ఇచ్చాడు. బిగించబోతుంటే మేనేజరు ప్రత్యక్షమయ్యాడు. నా గుమ్మం దగ్గర ఏం జరిగినా అతనికి ఎలా తెలుస్తుందో నాకు అర్థమయ్యేది కాదు. కారిడార్లో కెమెరా ఉందని తరవాత ఆపా చూపించింది.

“వద్దు మేడం. ఫైర్ రూల్ ఉన్నది. రేపు ఎవరికన్న పానం బాగలేకుంటే స్ట్రెచర్ తీసుకపోవాలె గదా. తట్టుకుంటది.”

ప్రాణం మాట ఎత్తితే ఎవరేమంటారు? వడ్రంగి సామాను సర్దుకున్నాడు. చెక్కని పాత చీరలో చుట్టి మంచం కిందకి తోశాను.

ఆ వారంలోనే కింద చీరల దుకాణం తెరిచారు. పూలదండలు, నాదస్వరం, వచ్చినవాళ్ళకి కూల్‌డ్రింకులు. లోపలికి పోతూ కిందకి చూశాను. ఇత్తడి రేకు తొడిగిన గడప, దాని మీద పసుపు, కుంకుమ, చామంతి పూలు. నేరుగా మేనేజరు దగ్గరికి పోయాను.

“చీరల కొట్లో ఎవరికీ ఒంట్లో బాగుండకపోవడం ఉండదా బాబూ?”

“అది కమర్షియల్ మేడం. రూల్ వేరే ఉంటది” అన్నాడు. అని, ఏదో ఉపకారం చేస్తున్నట్టు, “మన సూపర్ మార్కెట్ల గడప స్టిక్కర్లు వచ్చినయ్. అచ్చం పసుపు కుంకుమ పెట్టినట్టే ఉంటయ్. తుడిస్తే కూడ పోవు” అన్నాడు.

ఆ సాయంత్రం మా ఆయన ఆ స్టిక్కరే కొనుక్కొచ్చారు. గొడవ తీరుతుందని ఆయన ఆశ. పసుపు రంగు కాగితం, దాని మీద అచ్చు గుద్దిన ముగ్గు. ఆయన మొహం చూసి అతికించాను. కాలు తగలకుండా దాని మీంచి అంగ వేసేదాన్ని, తరవాత నన్ను నేనే తిట్టుకునేదాన్ని.

ఇంతా చెప్పి, ఆ ఊరు నాకు నచ్చలేదంటే అబద్ధమవుతుంది. ఏడాది తిరిగేసరికి బజారుకి కళొచ్చింది. సాయంత్రమయ్యేసరికి గేటు దగ్గర బస్సు దిగినవాళ్ళు, సూపర్ మార్కెట్ మెట్ల మీద కూర్చుని పల్లీలు తినేవాళ్ళు, మందుల షాపు, మిర్చిబజ్జీల బండి. మూతపడ్డ టీ హోటలు మళ్ళీ తెరిచారు. ఆపా, నేనూ నడకకి పోయి ఆ హోటల్లో ఉస్మానియా బిస్కట్లు తినేవాళ్ళం. రావిర్యాల, మంఖాల్ వైపు నుంచి కూడా జనం చీరల కోసం వస్తున్నారు. మా వరండాల్లో దీపాలు, వంటల వాసన, పిల్లల సైకిళ్ళు. నచ్చింది కాబట్టే నాకు భయం పట్టుకుంది. ఎవరూ చూడని బిల్డింగులో మమ్మల్ని ఎవరూ కదపరు. అందరూ చూస్తున్న బిల్డింగులో ఎన్నాళ్ళుంచుతారు?

ఆ అనుమానానికి తగ్గట్టే మనుషులు రావడం మొదలైంది. ఇస్త్రీ చొక్కాల వాళ్ళు సాయంత్రాలే వచ్చేవారు, బజారు కిటకిటలాడే వేళకి. మేనేజరు వాళ్ళని మెట్ల మీద నిలబెట్టి బస్సు దిగే జనాన్ని చూపించేవాడు. రోడ్డు మీద సర్వే వాళ్ళు వేసిన ఎర్ర గుర్తుల్ని చూపించి, మెట్రో స్తంభం ఎక్కడ వస్తుందో చేతులు చాపి చెప్పేవాడు. మా పిల్లల సైకిళ్ళకేసి, మా వరండా దీపాలకేసి కూడా చూపించేవాడు.

“మనల్ని ఎందుకు పెట్టారో తెలిసిందండీ. ఇల్లు పాడుబడకుండా దీపం పెట్టడానికి ఎవరినో ఒకరిని ఉంచుతారు చూడండి, అందుకు. దీపం చూసి కొనేవాడు వచ్చాక మనతో పనేముంది?” అన్నాను మా ఆయనతో.

“కొనేవాడో, ఊరికే చూసేవాడో. చూస్తే నీకేం పోయింది?” అన్నారు.

కొన్నాళ్ళకి వాళ్ళు మా ఇంటికే వచ్చారు. ఇన్సూరెన్సు వాళ్ళన్నాడు మేనేజరు. ఒకతను గోడకి చిన్న ఎర్రకాంతి పెట్టి కొలుస్తున్నాడు, ఇంకొకతను తెల్ల పలక ఒకటి పైకెత్తి లోపలి తీగలు చూస్తున్నాడు. మేనేజరుకి ఫోనొచ్చి బయటికి పోగానే, మజ్జిగ గ్లాసు అందిస్తూ కొలిచే అతన్ని అడిగాను.

“ఏం కొలుస్తున్నావు నాయనా?”

పాపం, అతనికి ఎవరూ అబద్ధం నేర్పి పంపలేదు. “ఈ హాల్లో ఎంతమంది కూర్చుని పని చేయొచ్చో చూస్తున్నామండీ. గోడ తీసేస్తే ఇంకో వరస పడుతుంది” అన్నాడు మర్యాదగా. మజ్జిగ బాగుందన్నాడు.

ఆ గోడకి ఇటు నా దేవుడి అల్మరా, అటు మా మంచం. నేను అక్కడే కుర్చీలో కూర్చుండిపోయాను. ఇన్నాళ్ళూ అనుమానించిందే నిజమైతే గెలిచినట్టు ఉంటుందనుకున్నాను. గెలిచినట్టు లేదు.

ఆపాకి చెబితే ఎప్పటిలా నవ్వలేదు. తిప్పుతున్న తస్బీ పూసల్ని ఒళ్ళో పెట్టుకుంది. “ఒకపారి రోడ్డుకు ఇచ్చిన చెల్లె. మళ్ళీ మళ్ళీ ఎన్నిసార్లు ఇయ్యాలె?” అంది.

మేనేజరు స్వీట్ల డబ్బాతో వచ్చాడు. ఆ డబ్బా చూడగానే విషయం తెలిసిపోయింది. పెద్ద కంపెనీ ఒకటి మా అంతస్తంతా తీసుకుంటోంది. బస్సు సౌకర్యం, కింద తినడానికీ కొనుక్కోవడానికీ అన్నీ ఉండటం, రేపు మెట్రో రావడం వాళ్ళకి బాగా నచ్చాయట. మా పదకొండు నెలల అగ్రిమెంటు ఒకసారి పొడిగించారు, ఇంక పొడిగించరట.

“నా చేతుల ఏమున్నది మేడం. గని ఊరు ఎట్ల డెవలప్ అయితుందో చూడుండ్రి. మీకు గూడ సంతోషమే గదా.”

“సంతోషమే” అన్నాను. “ఆ డబ్బా గుమ్మం పక్కన నల్ల పెట్టె మీద పెట్టి పో. ఎర్రదీపం వెలుగుతోంది, దానికి పెట్టు నైవేద్యం.”

అతనికి అర్థం కాలేదు. డబ్బా సెక్యూరిటీ అతని చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

మా ఆయన మంఖాల్‌లో ఓ ఇంటి పై భాగం చూసి వచ్చారు. బస్సుకి చాలా దూరం నడవాలి. నా మొహం కేసి చూడకుండా, “ఆ ఇంటికి గడప ఉంది” అన్నారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నా తరఫున గుమ్మం కింద చూడటం అదే మొదలు. కోపంగా ఉందామనుకున్నాను గాని కుదరలేదు.

శుక్రవారం ఇల్లు కదలకూడదని గురువారమే సామాను ఎక్కించడం మొదలెట్టాం. కారిడారు చివర రెండిళ్ళు అప్పటికే ఖాళీ అయ్యాయి, గోడలు కూడా కొట్టేశారు. మర్నాడు పొద్దున్నే అక్కడ కొత్త ఆఫీసు పూజ. అరటి పిలకలు, మామిడాకులు తెచ్చి గోడకి ఆనించారు. మా బీరువా లిఫ్టులో దిగుతుంటే మేనేజరు వచ్చి గుమ్మం అవతల నిలబడ్డాడు. ఏడాది పైగా నన్ను మేడం అన్నవాడు ఆ రోజు అమ్మా అన్నాడు.

“అమ్మా, ఒక చిన్న మాట. పంతులు గడప లేకుంటే పూజ కాదన్నడు. స్టిక్కర్ ఏస్తనంటే కంపెనీ సారు గుస్స అయిండు. అసలైన కట్టెదే గావాలెనట. ఇప్పటికిప్పుడు ఏడ దొరుకుతది? మీ తాన ఒక చెక్క ఉండె గదా.”

“పూజ అవగానే పీకేస్తారా?”

“లేదమ్మా. బిగిస్తరు. ఓనర్ సారు గూడ ఒప్పుకున్నడు. వాళ్ళు చాన ఏండ్లకు తీసుకున్నరు గదా.”

“మరి స్ట్రెచరు?”

అతను మెడలో కార్డుని అటూ ఇటూ తిప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలో ఎన్ని మాటలు నోటిదాకా వచ్చాయో చెప్పలేను. నేనన్నది మాత్రం ఒక్కటే.

“ఇవ్వను.”

అతను ఇంకాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. మా ఆయన కింద ట్రాలీ ఆటో వాడితో తాళ్ళు బిగిస్తున్నారు. ఇల్లంతా ఖాళీ. మంచం తీసుకుపోయాక పాత చీర చుట్టిన చెక్క ఒక్కటే గది మధ్య పడి ఉంది. చీర విప్పాను. పద్మాల మీద దుమ్ము కూడా పడలేదు.

గుమ్మం దగ్గరికి మోసుకొచ్చి స్టిక్కరు పీకేశాను. గోటితో గీకితే ముక్కలు ముక్కలుగా వచ్చింది. చెక్కని రెండు నిలువు కమ్ముల మధ్య పెట్టి చేత్తో నొక్కాను. వడ్రంగి చెప్పినట్టే, ఎక్కడా సందు లేకుండా పట్టింది. దేవుడి సామాను సంచిలోంచి పసుపు తీసి, నీళ్ళసీసాలో నీళ్ళు కలిపి రాశాను. అయిదు బొట్లు పెట్టాను. ఆ గుమ్మానికి నాలుగు వైపులూ వచ్చాయి.

ఎదురింట్లోంచి ఆపా బయటికొచ్చి నిలబడింది. వాళ్ళు వచ్చే వారం వెళ్ళాలి. కొంగు నెత్తి మీదకి లాక్కుంది.

లేచి గడపకి ఇవతల, ఇంటి లోపల నిలబడ్డాను. లోపలికి వచ్చేటప్పుడు కుడికాలు పెట్టాలని అందరూ చెబుతారు. పోయేటప్పుడు ఏ కాలు పెట్టాలో నాకెవరూ చెప్పలేదు. కాసేపు తేల్చుకోలేక నిలబడి, చివరికి కుడికాలే పెట్టి దాటాను. అంతకాలం ఉన్న ఇంట్లో నేను గడప దాటడం అదే మొదటిసారి. దాటింది బయటికి.

“పట్టింది గదా చెల్లె” అంది ఆపా మెల్లగా.

“మొదటి రోజే పట్టేది” అన్నాను.

వంగి చెక్క లేపాను. తడి పసుపు చేతులకంటింది. ఆపా వచ్చి రెండో కొస పట్టుకుంది, ఆవిడ చేతులూ పచ్చనయ్యాయి. లిఫ్టులో మేనేజరు మనుషులు అరటి పిలకలు పైకి తెస్తున్నారు. మేమిద్దరం చెక్క పట్టుకుని మెట్ల మీదుగా కిందికి దిగాం.